రెండు ప్రాసెసర్లు, ఉప్పుగాలి

నెల్లూరు తీరాన సొంతంగా పెద్ద కంప్యూటర్ కట్టుకోదలచినవాళ్లు ముందుగా తెచ్చుకోవలసింది ప్రాసెసర్ కాదు, జానెడు రాగి తీగ. పైపూత ఒలిచి, ఉప్పుకాగితంతో తళతళలాడేదాకా రుద్ది, యంత్రం పెట్టబోయే గదిలో బల్ల ఎత్తున గోడకు వేలాడదీయండి. పక్కనే పాత వెండి పట్టీ ముక్క ఉంటే తోమి అదీ కట్టండి. నెల రోజులు వాటిని ముట్టుకోవద్దు. ఆ తర్వాత రాగి కాస్త కందిపోయి ఊరుకుంటే గాలి ఫరవాలేదు. పచ్చటి మచ్చలు వేస్తే ఉప్పు లోపలికి వస్తున్నట్టు. వెండి నల్లబడితే గంధకపు వాయువు వస్తున్నట్టు. డేటా సెంటర్లు నడిపేవాళ్లు చేసేదీ ఇదే, కాకపోతే సాధనాలతో కొలుస్తారు. రాగి రేకు మీద నెలకు 300 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు తుప్పు పడితే ఆ గది యంత్రాలకు అనువైనదని లెక్క. మనకు అంత కొలత అక్కర్లేదు, కన్ను చాలు.

మైపాడు, కోడూరు, తుమ్మలపెంట లాంటి ఊళ్లలో అలల తుంపర గాలితో పాటు ఇళ్లలోకి వస్తుంది. తుంపర ఆరిపోయాక మిగిలే ఉప్పు రేణువు కంటికి ఆనదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే ఆ రేణువు తేమను పీల్చుకుని తానే ఉప్పునీటి బొట్టవుతుంది. మదర్‌బోర్డు మీద అర మిల్లీమీటరు ఎడంతో ఉన్న రెండు చిప్ కాళ్ల మధ్య ఆ బొట్టు చేరితే, ఉండకూడని చోట కరెంటుకు దారి దొరికినట్టే. రెండోది గుంటల గాలి. రొయ్యల గుంట అడుగున పేరుకున్న నల్ల బురదను కదిపితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఇంట్లో వెండి సామాను నల్లబడేది దానివల్లే. కొన్ని బోర్డుల్లో రాగి గీతల మీద పల్చటి వెండి పూత వేస్తారు. ఆ పూత అంచున బయటపడ్డ రాగి నల్లటి సల్ఫైడుగా మారి, నెమ్మదిగా పాకుతూ పక్క గీతను తాకుతుంది. ఒకరోజు యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు.

దీన్నే ముందు ఎందుకు చెబుతున్నానంటే, మన కుర్రాళ్లు చూసే వీడియోలన్నీ చలిదేశాల్లో, పొడి గదుల్లో తీసినవి. వాటిని చూసి అచ్చం అలాగే కట్టిన యంత్రం ఇక్కడ రెండో వానాకాలానికే మొరాయిస్తుంది. యంత్రాన్ని మన పని చూసి, మన గాలి చూసి కట్టుకోవాలి. ఈ అధ్యాయం మొత్తం ఆ ఒక్క మాట చుట్టూనే. ముందు పని, తర్వాత గాలి, ఆ తర్వాతే బోర్డు, పెట్టె, కరెంటు. ఈ వరుస తప్పినవాళ్లు డబ్బు కన్నా ముందు ఉత్సాహం పోగొట్టుకుంటారు. ఒకసారి పోయిన ఉత్సాహాన్ని తిరిగి కూడగట్టుకోవడం మహా కష్టం.

రెండు ఎందుకు?

ఇంట్లో రెండు ప్రాసెసర్ల యంత్రం కట్టుకోవాలన్న ముచ్చట పాతదే. 1999లో ఆబిట్ అనే తైవాన్ కంపెనీ బీపీ6 అనే బోర్డు తెచ్చింది. చవకగా దొరికే సెలెరాన్ ప్రాసెసర్లు రెండింటిని ఏ మార్పూ చేయకుండా దాని మీద పక్కపక్కన బిగించుకోవచ్చు. అప్పటిదాకా అది ఎక్కువగా పెద్ద కంపెనీల సర్వర్లకు చెల్లిన వైభవం. సెలెరాన్‌ను ఇలా జంటగా వాడాలని ఇంటెల్ అనుకోనేలేదు. అయితే విండోస్ 98 వాడేవాళ్లకు ఆ రెండో ప్రాసెసర్ ఉన్నా లేనట్టే, దాన్ని గుర్తించేది కాదు. విండోస్ ఎన్‌టీ, విండోస్ 2000, లినక్స్ వాడేవాళ్లకే ఫలం దక్కింది. లినక్స్‌కు 1996 నాటి 2.0 కెర్నల్‌తోనే ఆ నేర్పు వచ్చింది. ప్రాసెసర్లు రెండున్నంత మాత్రాన పని సగం కాలంలో తెమలదు. ఆ పనిని ముక్కలు చేసి పంచగల సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి.

ఎంత పంచగలమన్నదానికి 1967లో జీన్ అమ్‌డాల్ చెప్పిన లెక్క ఉంది. ఒక కాగితం తీసుకుని వేసి చూడండి. మీ పనిలో 90 శాతం పంచుకోదగినది, 10 శాతం ఒకదాని తర్వాత ఒకటిగా చేయవలసినది అనుకుందాం. ఒక్క కోర్ కన్నా 14 కోర్లున్న ప్రాసెసర్ ఆ పనిని సుమారు 6.1 రెట్లు వేగంగా చేస్తుంది. రెండో ప్రాసెసర్ కూడా పెట్టి కోర్లు 28 చేస్తే వేగం 7.6 రెట్లు అవుతుంది, అంతే. ఖర్చు రెట్టింపు, లాభం పావు వంతు. అదే పనిలో 99 శాతం పంచుకోదగినదైతే 14 కోర్లతో 12.4 రెట్లు, 28 కోర్లతో 22 రెట్లు. ఇక్కడ రెండో ప్రాసెసర్ తన తిండికి తగ్గ పని చేస్తోంది. మీ పని మొదటి రకమైతే ఈ అధ్యాయం ఇక్కడితో ఆపి, మంచి ఒంటి ప్రాసెసర్ కొనుక్కోండి. నిజంగానే చెబుతున్నాను. ఇవాళ దొరికే 16 కోర్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్ చాలా పనుల్లో పదేళ్ల నాటి జంట జియాన్ సర్వర్ ప్రాసెసర్లను దాటిపోతుంది, కరెంటు కూడా తక్కువ తాగుతుంది.

మరి జంట ఎవరికి? తీరంలోనే చూద్దాం. డ్రోన్‌తో రొయ్యల గుంటలు, పొలాలు, కోతకు గురయ్యే ఒడ్డు ఫొటోలు తీసి, వందలాది ఫొటోల్ని ఒక్క పటంగా కుట్టే పని ఉంది. ఫొటోల్లో గుర్తులు వెతికే భాగం అన్ని కోర్లకూ పంచుకోవచ్చు, ర్యామ్ కూడా గిగాబైట్ల కొద్దీ మింగుతుంది. బ్లెండర్‌లో యానిమేషన్ రెండర్ చేసేవాళ్ల పని ఫ్రేము ఫ్రేముకూ విడివిడిగా సాగుతుంది. వాతావరణ నమూనాలు నడిపే విద్యార్థులు ఆకాశాన్ని గళ్లుగా కోసి, గడికో కోర్ అప్పగిస్తారు. మన శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌కు పెట్టిన సతీశ్ ధావన్ పేరే తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రంలోని సూపర్ కంప్యూటర్ విభాగానికీ ఉంది. 2011లో అక్కడ మొదలైన సాగా-220లో 400 జియాన్ ప్రాసెసర్లు, 400 ఎన్‌విడియా టెస్లా గ్రాఫిక్స్ ప్రాసెసర్లు పెట్టింది కూడా ఇలాంటి పనికే. రాకెట్ చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కగట్టాలంటే ఆ గాలిని చిన్న చిన్న ముక్కలుగా కోయక తప్పదు. పాత జంట జియాన్‌లకు ఇంకో బలం కూడా ఉంది. ఒక్కో ప్రాసెసర్‌కు నాలుగు ర్యామ్ దారులు, 40 పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు. సర్వర్ల నుంచి తీసిన పాత ర్యామ్ వీటికి పనికొస్తుంది కాబట్టి 128 గిగాబైట్లు పెట్టుకోవడం సాధ్యమే.

ఒక అపోహ తీసేయాలి. రెండు ప్రాసెసర్లుంటే ఒకటి పోయినా ఇంకొకటి నడిపిస్తుందని చాలామంది నమ్ముతారు. శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్ల సంగతి అది. అక్కడ ఒక కంప్యూటర్ తడబడితే ఇంకొకటి అందుకునేలా జంటగా పెడతారు. ఇస్రో వాహకనౌకల్లో 2009 నుంచి విక్రమ్ 1601 అనే మన సొంత 16 బిట్ ప్రాసెసర్ పనిచేస్తోంది. దాని తర్వాతి తరం 32 బిట్ విక్రమ్ 3201ను 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60లో పంపి పరీక్షించారు. వాటి జంట భద్రత కోసం, మన జంట బలం కోసం. మన యంత్రంలో ఒక ప్రాసెసర్ నడుస్తూ నడుస్తూ పోతే మొత్తం ఆగిపోతుంది. కాబట్టి మీ ఫైళ్లకు బ్యాకప్ వేరే పెట్టుకోవలసిందే.

బోర్డు

పాత సర్వర్ సామాన్ల కోసం నెల్లూరు నుంచి రైలెక్కితే చెన్నై రిచీ స్ట్రీట్, లేదా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ. ఉదాహరణకు 2016లో వచ్చిన జియాన్ ఈ5-2680 వీ4ను తీసుకుందాం. 14 కోర్లు, 120 వాట్ల వేడి. రెండూ ఒకే మోడల్ కావాలి. బోర్డు మీద బయాస్ పాతదైతే వీ4ను గుర్తించదు, వీ3నే గుర్తిస్తుంది. కాబట్టి అమ్మేవాడి దగ్గరే తెర వెలిగించి చూపించమనండి. సర్వర్ కంపెనీల సొంత ఆకారపు బోర్డు ఎంత చవకైనా వద్దు. దాని కరెంటు ప్లగ్గు వేరు, ఫ్యాన్ ప్లగ్గు వేరు, స్క్రూ రంధ్రాలు వేరు. ఎస్‌ఎస్‌ఐ ఈఈబీ అనే ప్రామాణిక కొలత బోర్డు వెతకండి, 305 మిల్లీమీటర్లకు 330. ఇ-ఏటీఎక్స్ కొలతా అదే, కానీ రంధ్రాలన్నీ ఒకే చోట ఉండవు. మామూలు క్యాబినెట్‌లో పట్టే ఏటీఎక్స్ బోర్డు 305కి 244. అంటే వెడల్పులో దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు మనం పెట్టెలో సంపాదించుకోవాలి.

బోర్డు చేతికి తీసుకున్నాక మొదట చూడాల్సింది సాకెట్. ఈ రకం ప్రాసెసర్లకు పిన్నులు ఉండవు, పిన్నులన్నీ బోర్డు వైపు సాకెట్‌లోనే, రెండు వేలకు పైగా. ప్లాస్టిక్ మూత తీసి, ఫోన్ లైటును పక్కవాటుగా పట్టండి. పైనుంచి పడితే ఏమీ తెలియదు. ఏటవాలుగా పడ్డప్పుడు పిన్నుల వరసలన్నీ ఒకే దిశలో మెరుస్తాయి. వంగిన పిన్ను ఉన్నచోట ఆ మెరుపు తెగుతుంది, అక్కడో చిన్న చీకటి చుక్క కనపడుతుంది. లైటును నాలుగు వైపుల నుంచీ తిప్పి, రెండు సాకెట్లనూ ఇలాగే చూడండి. అమ్మేవాడు విసుక్కున్నా ఫరవాలేదు. తెచ్చుకునేటప్పుడు ఆ మూతల్ని మాత్రం మరచిపోవద్దు.

ఇంకో కొలత హీట్‌సింక్‌ది. ఈ సాకెట్‌కు బిగింపు చట్రాలు రెండు రకాలు. చదరంగా ఉండేదానికి స్క్రూల ఎడం 80కి 80 మిల్లీమీటర్లు. సన్నదానికి 56కి 94. ఒకదాని హీట్‌సింక్ ఇంకోదానికి పట్టదు. సర్వర్‌లో వాడిన ఫ్యాన్ లేని హీట్‌సింక్‌లు ఉచితంగా ఇచ్చినా వద్దు. అవి చెవులు చిల్లులు పడేలా తిరిగే సర్వర్ ఫ్యాన్ల గాలిని నమ్ముకుని చేసినవి. రెండు సాకెట్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయా, పక్కపక్కన ఉన్నాయా అన్నదీ గమనించండి. ఒకే వరసలో ఉంటే ముందు ప్రాసెసర్ వదిలిన వేడిగాలే వెనకదానికి దిక్కవుతుంది. నెల్లూరు మే నెల ఎండలో ఆ తేడా చిన్నది కాదు.

ర్యామ్ గురించి ఒక్క మాట. ప్రతి ప్రాసెసర్‌కూ తన సొంత ర్యామ్ ఉంటుంది. పెళ్లి వంటలో ఇద్దరు వంటమేస్త్రీలకు చెరో సరుకుల గది ఇచ్చినట్టు. పక్కగదిలోంచి పప్పు తెచ్చుకోవచ్చు, కానీ నడిచి వెళ్లి రావాలి. అందుకే ర్యామ్ ముక్కల్ని రెండు వైపులా సమానంగా, ప్రతి దారిలో మొదటి గాడిలో పెట్టాలి. మొత్తం ఒకవైపే కుక్కితే రెండో ప్రాసెసర్ ఎప్పుడూ పక్కగదికి నడుస్తూనే ఉంటుంది. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్‌ను మామూలు ర్యామ్‌తో కలపకూడదు.

పెట్టె, కోత

కొత్త ఖరీదైన క్యాబినెట్ కోయొద్దు. పాతకాలపు బరువైన టవర్ క్యాబినెట్ ఒకటి పాత సామాన్ల దుకాణంలో పట్టుకోండి. ఇప్పటి చవక క్యాబినెట్ల రేకు అర మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. వేలితో నొక్కితే వంగే రేకు మీద ఇంత పెద్ద బోర్డును, రెండు బరువైన హీట్‌సింక్‌లనూ నిలబెట్టలేం.

ముందు అట్టముక్క. పాత టీవీ డబ్బా అట్టను 305కి 330కి కోసి, బోర్డును దాని మీద పెట్టి ప్రతి రంధ్రాన్నీ పెన్సిల్‌తో గుర్తించండి. హీట్‌సింక్‌ల ఎత్తుకు రెండు అట్టపెట్టెలు అతికించండి. ర్యామ్ గాడులు, కరెంటు ప్లగ్గులు ఎక్కడెక్కడ వస్తాయో గీయండి. ఈ అట్టబోర్డును ఖాళీ క్యాబినెట్‌లో పెట్టి చూస్తే అడ్డం వచ్చేవన్నీ బయటపడతాయి. సాధారణంగా హార్డ్ డిస్కుల పంజరం అడ్డం వస్తుంది, దాని రివిట్లను డ్రిల్లుతో తీసేస్తే పంజరం ఊడి వస్తుంది. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ కింద ఉంటే, ప్రాసెసర్ తీగలు అందేంత పొడవున్నాయో లేదో చూసుకోండి. వెనకవైపు మూత వేసి చూడండి, పక్క తలుపు మూసి చూడండి. రెండు మూడు రోజులు అట్టతోనే గడపమంటాను. ఓపిక లేనివాళ్లకు ఇది కాలం వృథాగా అనిపిస్తుంది. అట్ట తప్పైతే ఇంకో అట్ట కోసుకోవచ్చు, రేకు తప్పైతే కుదరదు.

బోర్డును మోసే పళ్లెం వెడల్పు చేయించడానికి బీరువాలు చేసే షాపుకు వెళ్లండి. వాళ్ల దగ్గర రేకు వంచే బెండింగ్ మిషను ఉంటుంది, పెయింటు ఉంటుంది, రేకు మీద చేయి తిరిగిన మేస్త్రీ ఉంటాడు. మీ అట్ట అతని చేతిలో పెట్టి, "అన్నా, ఇది 18 గేజ్ రేకులో కావాలి, అంచులు మడిచి ఇవ్వు" అంటే అర్థం చేసుకుంటాడు. 18 గేజ్ అంటే 1.2 మిల్లీమీటర్లు. అతను ఏదైనా మార్పు చెబితే వినండి. ఎక్కడ మడత పెడితే రేకు గట్టిపడుతుందో మనకన్నా అతనికే బాగా తెలుసు.

ఫ్యాన్లకు రంధ్రాలు ఇలా. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు స్క్రూల ఎడం 105 మిల్లీమీటర్లు, మధ్య కోత సుమారు 114. రంధ్రాలు కోసేటప్పుడు క్యాబినెట్‌లో ఒక్క స్క్రూ కూడా ఉండకూడదు, బోర్డు పక్కగదిలో ఉండాలి. ఇనుప రజను ఎంత సన్నమంటే గుడ్డతో తుడిచినా మూలల్లో మిగిలిపోతుంది. పెట్టెను తలకిందులు చేసి తట్టి, నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాత అయస్కాంతం తిప్పండి. కోసిన ప్రతి అంచూ పచ్చి ఇనుమే. మన గాలిలో వారం తిరక్కుండానే ఎర్రబడుతుంది. ఆకురాయితో నున్నగా చేసి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, దాని మీద పెయింటు, ఆ మీద రబ్బరు బీడింగ్. వీలైతే మొత్తం పెట్టెను పౌడర్ కోటింగ్ చేయించండి. కానీ బోర్డు స్క్రూలు కూర్చునే చోట్ల మాత్రం రంగు ఉండకూడదు, ఆ స్క్రూల గుండానే బోర్డుకు ఎర్త్ అందుతుంది.

చివరి జాగ్రత్త బోర్డును ఎత్తి నిలిపే ఇత్తడి స్టాండాఫ్‌లది. పాత బోర్డు కోసం బిగించినది ఒక్కటి పళ్లెం మీద మిగిలినా, అది కొత్త బోర్డు అడుగు భాగాన్ని తాకి షార్టవుతుంది. బోర్డు దించే ముందు లెక్క పెట్టండి. బోర్డుకెన్ని రంధ్రాలో పళ్లెం మీద అన్నే స్టాండాఫ్‌లు, ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

గాలి

రెండు ప్రాసెసర్లు, ర్యామ్, ఒక ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు కలిపి 400 వాట్ల వేడి అనుకుందాం. ఆ వేడి అంతా బయటికి పోతూ, లోపలి గాలి గది కన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే నిమిషానికి సుమారు 70 ఘనపుటడుగుల గాలి కావాలి. వాట్లను 1.76తో గుణించి, పెరగనిచ్చే డిగ్రీలతో భాగిస్తే ఈ లెక్క వస్తుంది. ఫ్యాన్ డబ్బా మీద రాసిన అంకె ఎదురు లేనప్పటిది. ఫిల్టరు అడ్డం పెడితే బాగా తగ్గుతుంది. అందుకే ముందువైపు మూడు 120 ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి పెట్టమంటాను. లోపలికి వచ్చే గాలి ఎక్కువైతే పెట్టెలోని సందులన్నిటి గుండా గాలి బయటికే తోసుకుపోతుంది, ఉప్పుదుమ్ము దొంగదారిన రాదు. వచ్చేదంతా ఫిల్టరు గుండానే రావాలి. ఫిల్టరు తీసి కడుక్కునేలా ఉండాలి. ఫిల్టరు బయట స్టీలు జల్లెడ కూడా బిగించండి. వెచ్చదనం కోసం బల్లులు ఎస్‌ఎంపీఎస్‌లో దూరడం మన ఇళ్లలో జరిగేదే. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండవచ్చు.

ఏసీ గదిలో పెడితే ఉప్పు బాధ తగ్గుతుంది, కానీ ఇంకో ప్రమాదం ఉంది. తీరపు గాలి చాలాసార్లు 25 డిగ్రీల దగ్గరకు చల్లబడగానే నీరు విడుస్తుంది. ఏసీని 20లో పెట్టి రాత్రంతా నడిపి, తెల్లవారి యంత్రం ఆపి, ఏసీ ఆపి, కిటికీ తెరిచారనుకోండి. చల్లబడ్డ హీట్‌సింక్ రెక్కల మీద చెమ్మ పట్టడం కళ్లారా చూడవచ్చు. ఏసీ 26కి తగ్గించకుండా, కిటికీ తెరిచే ముందు యంత్రం కాసేపు నడుస్తూ ఉండేలా చూడండి. నడిచే యంత్రం వెచ్చగా ఉంటుంది కాబట్టి పొడిగా ఉంటుంది. నెలల తరబడి ఆపి మూల పెట్టిన యంత్రమే ముందు పాడవుతుంది.

కరెంటు

రొయ్యల గుంటల ఏరియేటర్ల మోటార్లన్నీ ఒకేసారి తిరిగే ఊళ్లలో వోల్టేజి నిలకడగా ఉండదు. 750 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్, అందులో ప్రాసెసర్లకిచ్చే 8 పిన్నుల తీగలు రెండు విడిగా ఉన్నది తీసుకోండి. ఒకే తీగ ఉన్నదాన్ని అడాప్టర్‌తో రెండుగా చీల్చే పని చేయొద్దు. ఇళ్లలో ఫ్యాన్లకు, లైట్లకు పెట్టుకునే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు సరిగా నడవవు. సైన్ వేవ్ యూపీఎస్ కావాలి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే, కాబట్టి ఇంకా పెద్దది చూసుకోవాలి. నెలకు బిల్లు ఎంత పెరుగుతుందో కూడా ముందే వేసుకోండి. 400 వాట్లు రోజుకు 8 గంటలంటే 3.2 యూనిట్లు.

ఎర్త్ సంగతి ఎవరూ పట్టించుకోరు, అదే నాకు బాధ. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయంటే ఎర్త్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టరు కెపాసిటర్లు, ఎర్త్ దొరకనప్పుడు మెయిన్స్‌లో సగం వోల్టేజిని పెట్టెకు ఎక్కిస్తాయి. తీరంలో నేల ఉప్పుది కాబట్టి కరెంటు భూమిలోకి బాగానే దిగుతుంది. అదే ఉప్పు ఎర్త్ పైపునూ తీగనూ తినేస్తుంది. పదేళ్ల కిందట తవ్విన ఎర్త్ గుంత ఇవాళ పేరుకే ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించి, అవసరమైతే కొత్తది వేయించండి. ఈ ఖర్చుకు వెనకాడి ప్రాసెసర్ల మీద పోయకండి.

మొదటిసారి వెలిగించడం పెట్టెలో వద్దు. బల్ల మీద, బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే. మొదటి సాకెట్‌లో ఒక ప్రాసెసర్, ఒక ర్యామ్ ముక్క, అంతే. రెండో సాకెట్ ఖాళీగా ఉంటే సగం ర్యామ్ గాడులు, కొన్ని కార్డు గాడులు పనిచేయవు, కంగారు పడొద్దు. తెర వెలిగాక రెండో ప్రాసెసర్ పెట్టండి. ఒక్కో అడుగులో ఒక్క మార్పే చేస్తే, ఎక్కడ ఆగిందో అక్కడే తప్పు. ఆపరేటింగ్ సిస్టంగా లినక్స్ పెట్టుకోండి. విండోస్ 10 హోమ్ ఒక్క ప్రాసెసర్‌నే చూస్తుంది, ప్రో రెండింటిని చూస్తుంది. కానీ దాని మామూలు భద్రతా సవరణల గడువు 2025 అక్టోబరుతోనే తీరిపోయింది. విండోస్ 11 ఈ పాత జియాన్‌లను ఒప్పుకునే జాబితాలో పెట్టలేదు. ర్యామ్ పరీక్ష రాత్రంతా నడవాలి. మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం, ఏసీ లేకుండా, అన్ని కోర్ల మీదా పూర్తి బరువు వేసి రెండు గంటలు నడపండి. గది ఎంత వేడి, ఒక్కో ప్రాసెసర్ ఎంత వేడి, ఫ్యాన్ ఎంత వేగం, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీతో రాసిపెట్టండి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ఆ పుస్తకంలోనే రాసుకోండి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్, అంతకుముందు నెల్లూరు తీరం వెంబడే పైకి సాగింది. అలాంటి రోజుల్లో యంత్రాన్ని వెచ్చగా ఉండగానే ఆపి, కరెంటు ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ తీగ కూడా పీకేయండి. ఆ తీగ గుండా వచ్చే పిడుగుకూ బోర్డులు పోతాయి. నేల మీద నుంచి ఎత్తు బల్ల మీదికి మార్చి, పాలిథిన్ కవరులో సిలికా జెల్ పొట్లాలు వేసి మూతి కట్టండి. బ్యాకప్ డిస్కును ఇంకో ఇంట్లో ఉంచండి. కరెంటు వచ్చిన మొదటి గంటలో వెలిగించకండి. వోల్టేజి కుదుటపడనివ్వండి.

ఏటా సెప్టెంబరు చివర, ఈశాన్య రుతుపవనాలకు ముందు, ఒకసారి పెట్టె తెరవాలి. ఫిల్టర్లు కడిగి ఆరబెట్టి, బోర్డు మీద దుమ్మును మెత్తటి బ్రష్‌తో తీసి, పచ్చగానో తెల్లగానో పొర కట్టిన చోట ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ర్యామ్ ముక్కల్ని ఒక్కసారి తీసి మళ్లీ పెట్టండి. తర్వాత అదే రెండు గంటల పరీక్ష నడిపి, పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. గది వేడిని తీసేసి చూసినా ప్రాసెసర్ ఎనిమిది పది డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే, హీట్‌సింక్ కింది పేస్టు మార్చే ముందు ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయా, ఫిల్టరు వెనక గాలి చేతికి తగులుతోందా చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.